మా ఇంట్లో స్పిట్‌ఫైర్ తయారైన తొమ్మిది నెలలు

2025 జనవరి 14, సంక్రాంతి. ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో చదువుకుంటున్న మా చిన్నమ్మ కొడుకు సెలవులకు వచ్చి, నల్లగొండలో మా ఇంటి హాల్లో సూట్‌కేసు తెరిచాడు. చొక్కాల మధ్యలోంచి పెద్ద ప్లాస్టిక్ కవర్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "అక్కా, డబ్బా సూట్‌కేసుల పట్టలే. డబ్బా తీసేసి సామాన్ ఒక్కటే తెచ్చిన" అన్నాడు. డబ్బా మీది బొమ్మను మాత్రం కత్తిరించి, చుట్టచుట్టి తెచ్చాడు. కవర్లో బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేములు, వాటికి అంటుకుని వందల భాగాలు. అది ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వాళ్ళ 1/24 స్పిట్‌ఫైర్ మార్క్ వన్ కిట్, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానానికి ముక్కలు అతికించి చేసే చిన్న మోడల్. అసలు విమానం రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 11.23 మీటర్లు. అందులో ఇరవై నాలుగో వంతు అంటే దాదాపు 47 సెంటీమీటర్లు. రెక్క సగాన్ని చేతిలో పట్టుకున్నాకే అది ఎంత పెద్దదో నాకు అర్థమైంది. ఆ రాత్రి భాగాలన్నీ మంచం మీద పరిచాను. మా ఆయనకు, బాబుకు పడుకోవడానికి చోటు లేకపోయింది.

ఇంతకు ముందు నేను చేసినవి చిన్న మోడళ్ళు మూడే. అరచేతిలో పట్టేవి. ఇంత పెద్దది చెయ్యాలనుకోవడానికి కారణం ఒక్కటే, 152 స్క్వాడ్రన్ అనే యుద్ధ విమానాల దళం. బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో ఆ స్క్వాడ్రన్ పేరు పక్కన 'హైదరాబాద్' అని ఉండేది. 1939 అక్టోబర్‌లో దాన్ని మళ్ళీ నిలబెట్టినప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. వాళ్ళ చిహ్నం నిజాం తలపాగా. 1940 జూలై నుంచి ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ అనే చోటి నుంచి వాళ్ళు స్పిట్‌ఫైర్లు నడిపారు. 1943 చివర్లో మన దేశానికి వచ్చి బర్మా వైపు యుద్ధంలోకి దిగారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆ యుద్ధం రోజుల్లోనే నిజాం సర్కారు రైతుల దగ్గర లెవీ ధాన్యం తీసుకునేది. "కల్లం మీదికే వచ్చి కొలుచుకపోయేటోళ్ళు, మనకు ఊడ్చుకున్నదే మిగిలేది" అని తాత చెప్తుండేవాడు. నిజాం ఖజానా అంటే పానగల్లు పక్కన మా తాత రెండెకరాల నుంచి పోయిన శిస్తు కూడా. అందుకే ఆ పేరున్న విమానం ఒకటి మా ఇంట్లో ఉండాలని నాకు గట్టిగా అనిపించింది.

నేను డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 వరకు డ్యూటీ. సన్న ఫోర్సెప్స్, సిరంజీలు, గాజు స్లైడ్లు, మైక్రోపోర్ టేపు రోజూ నా చేతిలో ఉండేవే. మందుల షాపులో ఇవే కొనుక్కుని పెట్టుకున్నాను, ప్రత్యేకం పనిముట్లు పెద్దగా అవసరం పడలేదు. మా నాయిన ఆర్టీసీలో బస్సు బాడీలకు రంగులు వేసి, 2014లో రిటైరయ్యాడు. ఇప్పుడు 69 ఏళ్ళు. మా ఇంట్లోనే ఉంటాడు. మొదలుపెట్టేటప్పుడు ఆయన పని ఈ విమానానికి పనికొస్తుందన్న ఆలోచన నాకు రానేలేదు.

రంగులు జనవరి 16న ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. 11 రోజులకు వచ్చాయి. 12 సీసాల్లో రెండు దారిలోనే కారిపోయాయి, అందులో ఒకటి నాకు ముందుగా కావాల్సిన కాక్‌పిట్ రంగు. మళ్ళీ పంపడానికి ఇంకో 9 రోజులు. కాబట్టి మీరు గనక మొదలుపెడితే కిట్ చేతికి రాకముందే రంగులు తెప్పించి పెట్టుకోండి.

జనవరి 26 ఆదివారం పని మొదలైంది. మొదటి రోజంతా భాగాలు కడగడమే. అచ్చులోంచి తీసేటప్పటి నూనె పల్చగా ఉంటుంది, అది పోకపోతే రంగు పట్టదు. గిన్నెల సబ్బు వేసిన గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, డాబా మీద నీడలో ఆరబెట్టాను. చిన్న భాగాల కోసం బట్టలారేసే క్లిప్పులు పెట్టాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి "వడియాలా వదినా?" అని అడిగింది.

కాక్‌పిట్‌కే ఐదు వారాలు పట్టింది. ఫిబ్రవరంతా రాత్రి 9 నుంచి 11 దాకా అదే పని. పైలట్‌కు కొలతలు చూపే గడియారాల బోర్డు, సీటు, కంట్రోల్ కర్ర, దాని మీద గుండ్రటి పట్టు. సీటుకు బెల్టులు మైక్రోపోర్ టేపుతో చేశాను. తెల్లగా ఉంటే కొత్త బ్యాండేజీలా కనిపిస్తుందని టీ డికాషన్‌లో పది నిమిషాలు ఉంచాను. ఆరాక వాడిన బట్ట రంగు వచ్చింది. ఫిబ్రవరి 9న ఒక చిన్న పిడి ఫోర్సెప్స్‌లోంచి చిటుక్కున ఎగిరిపోయింది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. మూడు రాత్రులు వెతికాను. దొరకలేదు, వేడి చేసిన ఫ్రేమ్ ముక్కతో కొత్తది చేసుకున్నాను. ఆ రోజు నుంచి ఒళ్ళో తుండుగుడ్డ పరుచుకుని, దాని అంచును టేబుల్‌కు టేపుతో అతికించి కూర్చుంటున్నాను. తర్వాత ఎగిరినవన్నీ ఒళ్ళోనే పడ్డాయి.

గడియారాల బోర్డు బిగించిన రాత్రి మాత్రం చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మార్చి 2. ఆ బోర్డుకు ముందు, ఇంజన్‌కు వెనక ఒక ఖాళీ ఉంటుంది. అసలు విమానంలో పెట్రోల్ ట్యాంకులు ఉండేది అక్కడే, ఒకదాని మీద ఒకటి, మొత్తం 85 గ్యాలన్లు. పైలట్ మోకాళ్ళకు, ఆ పెట్రోలుకు మధ్య ఉన్నదెంత? నా మోడల్‌లో కొలిస్తే బొటనవేలి గోరంత. అక్కడ గుండు తగిలితే మంట నేరుగా ముఖం మీదికే. కాలిపోయిన పైలట్ల గురించి పుస్తకాల్లో చదవడం వేరు, ఆ సీటును నా చేత్తో అతికించి, దాని ముందు ఏముంటుందో వేలితో తడిమి చూడటం వేరు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళలో చాలామందికి 20, 22 ఏళ్ళే. ఆ రాత్రి ఇక పని చెయ్యలేదు.

ఇంజన్ సులువుగానే అయిపోయింది. రోల్స్‌రాయిస్ మెర్లిన్, 12 సిలిండర్లు. నల్ల రంగు, దాని మీద వెండి రంగు పొడి బ్రష్‌తో అద్దితే బోల్టులన్నీ తేలాయి. ఉగాదికి, అంటే మార్చి 30కి పూర్తయింది. మూత పెట్టాక కనబడదని తెలుసు. అందుకే ఒక వైపు మూత అతికించకుండా వదిలేశాను.

అసలు కష్టం బాడీ మూయడంతో మొదలైంది. ఏప్రిల్ 13 ఆదివారం. రెండు సగాలను కలిపి రబ్బరు బ్యాండ్లు వేసి, మైక్రోపోర్ టేపు చుట్టి, అతుకు వెంబడి పల్చటి జిగురు బ్రష్‌తో తాకించాను. ఈ జిగురు మన ఫెవికాల్ లాంటిది కాదు. ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. నీళ్ళలాగా సందులోకి దానంతట అదే పాకుతుంది. నేను రెక్క మొదటి దగ్గర వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. జిగురు పాకి నా వేలి కిందికి వచ్చింది. నాకు తెలియలేదు. వేలు తీస్తే నా వేలిముద్ర, గీతలతో సహా, ప్లాస్టిక్‌లో దిగిపోయి ఉంది. పక్కనే అతుకు దగ్గర అర మిల్లీమీటరు మెట్టు. రెండు సగాలనూ నేనే వంకరగా పట్టుకున్నాను. మూడు నెలల కష్టం, ఒక్క క్షణంలో ఇలా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దున మా నాయిన టీ తాగుతూ దాన్ని ఎత్తి చూశాడు.

"ఏడుస్తున్నవా బిడ్డా గిదానికి? లప్పం పెట్టి రుద్దితె పోతది."

ఆ సాయంత్రమే ప్రకాశం బజార్ నుంచి బస్సులకు వాడే లప్పం డబ్బా, నాలుగు రకాల వాటర్ పేపర్ తెచ్చాడు. ఆయన చెయ్యి కదలడం నేను చిన్నప్పుడు డిపోలో చూసిందే, మళ్ళీ ఇన్నేళ్ళకు ఇంట్లో చూశాను. లప్పాన్ని బ్లేడుతో లాగడం, అంచులు పల్చగా తీయడం. కానీ అక్కడ ఒక దెబ్బ తగిలింది. గుంట లోతుగా ఉందని మందంగా పెట్టాడు. ఆ లప్పంలో థిన్నర్ ఉంటుంది. ఇనుప రేకుకు ఏమీ కాదు, ప్లాస్టిక్‌ను మాత్రం తినేస్తుంది. రెండు రోజుల తర్వాత గోరుతో నొక్కితే రెక్క మొదలు మెత్తగా, జున్నులా ఉంది. నాయిన ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. అది చూసి నాకు విమానం కంటే ఆయన గురించే బాధ ఎక్కువైంది.

పన్నెండు రోజులు ముట్టుకోకుండా వదిలేశాం. ప్లాస్టిక్ మళ్ళీ గట్టిపడింది. ఆ మెత్తబడ్డ పొరను గీకేశాను. ఈసారి మిగిలిన ఫ్రేమ్ ముక్కలను సన్నగా తరిగి, జిగురు సీసాలో నానబెట్టి, ముద్దలా చేసి గుంటలో నింపాను. అదే ప్లాస్టిక్ కాబట్టి కలిసిపోయింది. రుద్దే పని నాయిన తీసుకున్నాడు. "ఒక్క పొరనే పెట్టు. ఒక దినం ఆగు. తడి ఆరకముందె రుద్దితె ఎనుక గుంట పడ్తది" అన్నాడు. 400 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 800, 1000, చివరికి 2000. ప్రతిసారీ కాగితాన్ని నీళ్ళలో ముంచి, చిన్న రబ్బరు ముక్కకు చుట్టి, ఒకే దిక్కుకు రుద్దడం. రుద్దాక కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూసేవాడు. "కన్ను మోసం జేస్తది, ఏలు జెయ్యది." అతుకు మాయం కావడానికి మే 11 వరకు పట్టింది. ఒక్క అతుకుకు నాలుగు వారాలు.

ఇక ఎండలు. నల్లగొండలో మే నెల ఎట్లుంటుందో వేరే చెప్పక్కర్లేదు. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, చిన్న కంప్రెసర్ కలిపి ₹5,200 పెట్టి కొన్నాను. మే 18 మధ్యాహ్నం వరండాలో ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, కొట్టాను. రెక్క మీద పడినది రంగు కాదు, పొడి. గన్ నుంచి రెక్క దాకా వెళ్ళేలోపే గాల్లో ఆరిపోతోంది. వేలితో రాస్తే గరుకుగా, బియ్యపు పిండి చల్లినట్టుగా ఉంది. ఎయిర్‌బ్రష్ మూతి దగ్గర సూదికి రంగు గడ్డకట్టి ప్రతి రెండు నిమిషాలకు మూసుకుపోయేది. ఏం తప్పు చేశానో తెలియక నాలుగు రోజులు టెన్షన్ పడ్డాను. గాలి తగ్గించాను, రంగు పల్చన చేశాను, ఫలితం లేదు. చివరికి నాయిననే అడిగాను.

"మేం ఎండకాలం పొద్దుగాల ఐదింటికె కొట్టేటోళ్ళం. పది దాటినంక గన్ను ముట్టేటోళ్ళం కాదు. థిన్నర్ గూడ జల్ది ఆరేది పొయ్యొద్దు, నిదానంగ ఆరేది పొయ్యాలె."

పద్ధతి అది. రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం రిటార్డర్ అని అమ్ముతారు, సీసా తెప్పించి రెండు మూడు చుక్కలు కలిపాను. పొద్దున 4:45కి లేచి, నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణిచి, 5 నుంచి 6:15 వరకు కొట్టి డ్యూటీకి వెళ్ళేదాన్ని. గరుకు పొరనంతా 2000 కాగితంతో తీసేసి మళ్ళీ మొదలుపెడితే, జూన్ 1న మొదటిసారి రెక్క మీద రంగు గుడ్డు పెంకులా నున్నగా కూర్చుంది. ఆ రోజు ఆఫీసులో కూడా నా మొహం వెలిగిపోతోందని తోటి టెక్నీషియన్ అడిగింది, ఏంటి విశేషమని.

1940 నాటి స్పిట్‌ఫైర్‌కు పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు, కింద 'స్కై' అనే లేత రంగు. మచ్చల అంచుల కోసం స్టేషనరీ షాపులో పిల్లల క్లే కొని తాళ్ళలా చేసి అంచులకు పెట్టాను. బాగానే వచ్చింది కానీ క్లేలో నూనె ఉంటుంది, తీశాక రెక్క మీద జిడ్డు చారలు. సబ్బు నీళ్ళతో తుడిస్తే పోయాయి. దీనికి జూన్‌లో మూడు వారాలు పోయాయి.

ఇప్పుడు గుర్తుల సంగతి. కిట్‌తో వచ్చిన స్టిక్కర్లలో 152 స్క్వాడ్రన్ అక్షరాలు లేవు. వాళ్ళ విమానాల పక్కన 'యూఎం' అని, తర్వాత విమానానికి ఒక అక్షరం ఉండేది. నేను నల్లగొండకు గుర్తుగా 'ఎన్' తీసుకున్నాను. ఈ స్టిక్కర్లను నీళ్ళలో నానబెట్టి అతికించాలి. ఇక విమానం పక్కన వేసే గుండ్రాల్లో, అంటే బ్రిటన్ విమానాల గుర్తైన రంగుల వలయాల్లో, ఒకదాన్ని ఎక్కువసేపు నానబెట్టి నేనే చింపేశాను. అందుకని అక్షరాలు, పక్క గుండ్రాలు రంగుతోనే వెయ్యాలని నిర్ణయించుకున్నాను. వాటికి స్టెన్సిల్ ఎక్కడ? క్లాక్ టవర్ దగ్గర బండ్ల నంబర్ ప్లేట్లకు రేడియం స్టిక్కర్లు కోసే షాపు ఉంది. జూలై 5న అక్కడికి వెళ్ళాను. "ఏ బండికి అక్కా?" అని అడిగాడు ఆ తమ్ముడు. విమానానికి అన్నాను. ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుర్చీ వేశాడు. అసలు గుండ్రం 35 అంగుళాలు, అంటే నాకు 37 మిల్లీమీటర్లు. బయట పసుపు, లోపల నీలం, తెలుపు, ఎరుపు వరసగా ఏడింట ఐదు, మూడు, ఒకటో వంతు. అన్నీ కంప్యూటర్‌లో గీసి, పది నిమిషాల్లో కోసిచ్చాడు. ₹150.

ఇంటికొచ్చి ఆత్రంగా అతికించాను. రేడియం షీటు జిగురు ఎండకు, వానకు ఏళ్ళ తరబడి ఊడకుండా బండికి అతుక్కోవడానికి తయారు చేసింది. తీస్తుంటే ఆకుపచ్చ రంగు రూపాయి బిళ్ళంత లేచి వచ్చేసింది. కింద బూడిదరంగు ప్రైమర్ కనబడింది. నాయిన పక్కనే ఉన్నాడు. "చీర కొంగుకు నాలుగుసార్లు అద్ది తియ్యి. జిగురు చస్తది. అప్పుడు పెట్టు." ఆ లేచిన చోట అంచులు రుద్ది, రంగు కలిపి సరిచేసేసరికి వారం. జూలై 13న మళ్ళీ అదే షాపు, ఇంకో ₹150. ఈసారి ఒక్కో ముక్కను నూలు చీర కొంగుకు ఐదుసార్లు అద్ది తీసి పెట్టాను. గుండ్రాలు గీసినట్టు వచ్చాయి. ఎడమ వైపు అక్షరాలూ వచ్చాయి. కుడి వైపు 'యూ' అడుగున మాత్రం అక్షరాలకు వేసిన బూడిద రంగు, స్టెన్సిల్ కిందికి పాకి అంచు చెదిరింది.

బస్సుల మీద ఊరి పేర్లు చేత్తో రాసిన రోజుల్లో మా నాయిన ఆ పని కూడా చేసేవాడు. నల్లగొండ, దేవరకొండ, మల్లేపల్లి, ఆ బోర్డులు ఎన్ని రాశాడో లెక్కలేదు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది. సున్నా నంబర్ బ్రష్ తీసుకుని, "రెండు పుస్తకాలు, ఒక స్కేలు ఇయ్యి" అన్నాడు. విమానానికి అటు ఇటు పుస్తకాలు పేర్చి, వాటి మీద వంతెనలా స్కేలు పెట్టి, దాని మీద మణికట్టు ఆనించాడు. చెయ్యి వణుకుతూనే ఉంది, మణికట్టు మాత్రం కదల్లేదు. పక్కన ఒక కాగితం మీద బ్రష్‌ను తిప్పి తిప్పి మొన తీశాడు. తర్వాత ఆకుపచ్చ రంగుతో చెదిరిన బూడిదను లోపలికి కోసుకుంటూ వెళ్ళాడు. ఒక గీత, బ్రష్ తుడవడం, మళ్ళీ ఒక గీత. నలభై నిమిషాలు పట్టింది. 'యూ' అడుగు ఎడమ వైపు దానికంటే కొంచెం లావుగా వచ్చింది. "మళ్ళ సన్నగ జెయ్యాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను. ఇప్పటికీ అలాగే ఉంది.

తోక దగ్గర సీరియల్ నంబర్ రాయాలి. అది మాత్రం రాయలేదు. ఒక్కో నంబర్‌కు ఒక నిజమైన విమానం, అందులో ఎక్కిన మనుషులు ఉన్నారు. అందమైన నంబర్ ఒకటి ఏరుకుని, వేరే అక్షరం ఉన్న నా విమానానికి పెట్టడానికి మనసొప్పలేదు.

ఆగస్టులో వార్నిష్. వానలు పడుతున్నాయి. ఆగస్టు 10న మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టి, బాబును ట్యూషన్‌లో దింపి వచ్చేసరికి రెక్కలన్నీ పొగమంచు పట్టినట్టు తెల్లగా మారిపోయి ఉన్నాయి. గాల్లో తేమ వార్నిష్‌లో చిక్కుకుంటే అంతే. ఇది కూడా బస్సు పెయింటర్లకు తెలిసిన రోగమే. "తెల్లబారిందంటే లోపల నీళ్ళున్నయ్. ముట్టుకోకు, ఎండ వచ్చిన రోజు మళ్ళ పల్చగ కొడ్దాం" అన్నాడు నాయిన. ఎండ కోసం పదహారు రోజులు చూశాం. రోజూ లేవగానే మొదట ఆకాశం చూసేదాన్ని. ఆగస్టు 26న మబ్బు విడిచింది. ముందు మెరిసే రకం వార్నిష్ పల్చగా కొడితే తెలుపు కరిగి లోపలి రంగులు మళ్ళీ పైకొచ్చాయి. రెండు రోజులు ఆరనిచ్చి మ్యాట్ కొట్టాను. ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్ళు వానాకాలం వార్నిష్ పని పెట్టుకోవద్దని నా మాట.

సెప్టెంబరంతా చిన్న పనులు, నాకు బాగా ఇష్టమైన పనులు కూడా అవే. రెక్కల్లో మొత్తం ఎనిమిది బ్రౌనింగ్ తుపాకులు. ఒక్కోదానికి 300 గుండ్లు, దాదాపు 15 సెకన్లలో అయిపోయేవి. చలికి తుపాకులు గడ్డకట్టకుండా వాటి నోళ్ళ మీద ఎర్రటి బట్ట ముక్కలు అతికించేవాళ్ళు. కాల్చగానే అవి చిరిగిపోయేవి. అలా చిరిగిన బట్టతో దిగిన విమానాన్ని దూరం నుంచే చూసి, ఇది కాల్పుల్లో పాల్గొందని కింద మెకానిక్‌లు గుర్తుపట్టేవాళ్ళు. నేను మైక్రోపోర్ టేపుకు ఎర్ర రంగు వేసి, ఆరాక నాలుగు మిల్లీమీటర్ల ముక్కలు కోసి అతికించాను. టేపులోని సన్న పోగులు రంగు కింద నుంచి కనబడతాయి, అచ్చం బట్టలాగే. నా మోడల్ మొత్తంలో ఎవరైనా దగ్గరికొచ్చి చూడాల్సింది అదే.

వీపు మీది కర్ర నుంచి తోకకు రేడియో తీగ ఉంటుంది. ఫ్రేమ్ ముక్కను కొవ్వొత్తి మీద వేడి చేసి, మెత్తబడగానే రెండు చేతులతో దూరంగా లాగితే వెంట్రుకంత సన్నటి తీగ వస్తుంది. పద్నాలుగు సార్లు తెగాక ఒకటి కుదిరింది. అతికించాక కొంచెం వేలాడింది. వెలిగించిన అగరుబత్తిని దానికి వేలెడు దూరంలో కిందుగా జరుపుకుంటూ వెళ్తే బిగుసుకుంది. ఊపిరి బిగబట్టుకుని చేశాను. కొంచెం దగ్గరైతే తెగిపోతుంది.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ప్రొపెల్లర్ బిగించాను. అక్టోబర్ 2, దసరా. మా ఆయన స్కూటర్ కడిగి బొట్టు పెడుతుంటే, "అమ్మా, విమానానికి కూడా పూజ చెయ్యాలి" అని బాబు పట్టుబట్టాడు. నాకు గుండె దడ, ఎవరైనా చెయ్యి తగిలిస్తారేమోనని. చివరికి స్కూటర్ పక్కన పీట వేసి, దాని మీద విమానం పెట్టి, బొట్టు పీటకు పెట్టాం. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి బాబు దాని చక్రం దగ్గర ఉంచాడు.

అయిపోయిందనుకున్నాను కానీ అద్దాల పెట్టె మిగిలింది. అది లేకపోతే మన దుమ్ముకు వారంలో రంగు కనబడదు. హైదరాబాద్ రోడ్డు మీద అల్యూమినియం పనివాళ్ళకు అక్టోబర్ 6న కొలతలిచ్చాను. వారం అన్నారు, పదమూడు రోజులకు, దీపావళి ముందు రోజు తెచ్చారు. మూత పెట్టబోతే మూసుకోవడం లేదు. నేను విమానం ఎత్తు కొలిచింది కాక్‌పిట్ మీది అద్దపు మూత వరకు, వీపు మీది కర్రను లెక్కలోకి తీసుకోలేదు. తప్పు నాదే. పెట్టె ఎత్తు పెంచడానికి ఇంకో నాలుగు రోజులు, ₹350.

ల్యాబ్ రిజిస్టర్ రాసినట్టే దీనికీ ఒక నోట్‌బుక్ రాశాను. మొత్తం 263 గంటలు. ఇందులో ఆరడానికి ఎదురుచూసిన రోజులు లెక్క లేదు. డబ్బుల విషయానికొస్తే కిట్‌కు నాకు ₹4,900 పడింది. రంగులకు ₹3,450, జిగురుకు ₹780, లప్పం, వాటర్ పేపర్‌కు ₹310, స్టెన్సిళ్ళకు ₹300, వార్నిష్, రిటార్డర్‌కు ₹620. పెట్టెకు రెండోసారి ఖర్చుతో కలిపి ₹2,650. ఎయిర్‌బ్రష్ కలిపితే మొత్తం ₹18,210. మొదట్లో ఏడు వేలల్లో అయిపోతుందని మా ఆయనకు చెప్పాను. కిట్ ధర చూసి ఖర్చు అంచనా వెయ్యకండి, దానికి మూడు రెట్లకు పైనే దాటుతుంది. ఎయిర్‌బ్రష్ మాత్రం మళ్ళీ మళ్ళీ పనికొచ్చేదే.

ఇప్పుడది హాల్లో టీవీ పక్కన ఉంది. నాయినతో పనిచేసిన పెయింటర్లు, మెకానిక్‌లు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. టీ అయ్యాక వాళ్ళను దాని దగ్గరికి తీసుకెళ్తాడు. నిజాం సంగతి, స్క్వాడ్రన్ సంగతి తర్వాత నేను చెప్పాల్సిందే. ఆయన మాత్రం ముందు పెట్టె మూత తీసి, లైటు కొంచెం పక్కకు తిప్పి, వాళ్ళ వేలు పట్టుకుని రెక్క మొదటి దగ్గర పెట్టిస్తాడు.

"కండ్లు మూసుకొని చూడు. అతుకు దొరుకుతుందా?"